రెండు సూదులు, ఒకే కుట్టు

(విశాఖపట్నంలో ఒక మహిళా బృందం ముందు, ఊలు అల్లిక కొత్తగా మొదలుపెట్టేవారి కోసం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు ఆ ఫ్యాను కాస్త తగ్గించండమ్మా, నా ఊలు ఉండ దొర్లిపోతోంది. ఆ... చాలు.

నన్ను ఇక్కడికి పిలిచారని చెప్పగానే మావారు అడిగిన మొదటి మాట, "విశాఖపట్నంలో స్వెట్టర్ ఎవరు వేసుకుంటారు?" అని. (నవ్వులు) నిజమే, మనకి జనవరిలో కూడా తెల్లవారుజామున ఒక దుప్పటి ఉంటే సరిపోతుంది. కానీ లంబసింగి చలి ఒక్కసారి చూసినవాళ్ళు ఆ మాట అనరు. పైగా ఈ హాల్లో సగంమంది పిల్లలు ఏ న్యూజెర్సీలోనో, టొరంటోలోనో ఉన్నారు. మనవల పేరు చెప్పుకుని నేర్చుకోవడానికి వచ్చారు మీరు, నాకు తెలుసు. ఏ పేరు చెప్పుకున్నా పర్వాలేదు.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మమ్మ, అమ్మ, పిన్ని, అందరూ లేసు అల్లినవాళ్ళే. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద చేరి, సన్నటి తెల్లదారం, కొన కొక్కెంలా ఉండే చిన్న ఉక్కు సూది పట్టుకుని పొద్దుగూకేదాకా అల్లేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఇళ్ళలోని దొరసానులు మన గోదావరి ఆడవాళ్ళకి నేర్పిన పని అది. ముక్కకింతని ఏజెంటు ఇచ్చేవాడు, ఆ ఇచ్చేది ఎంత తక్కువో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ముద్ర, వచ్చిందని పేపర్లో చూసి మా అమ్మ గుర్తొచ్చింది. సరే, అది వేరే కథ. ఎందుకు చెప్పానంటే, ఆ లేసు నేర్చిన చెయ్యే నాకు ఊలు దగ్గర పెద్ద శత్రువయింది.

1983లో పెళ్ళయి ఢిల్లీ వెళ్ళాను. ఆర్.కె.పురంలో గవర్నమెంటు క్వార్టర్సు. డిసెంబరు ఎండలో ఆడవాళ్ళంతా కింద పచ్చిక మీద చాపలు పరుచుకుని కూర్చునేవారు. ఒకరు బఠాణీలు ఒలిచేవారు, ఒకరు పాలకూర బాగుచేసేవారు, మిగతా అందరి చేతుల్లోనూ సూదులే. లూథియానా ఊలు. మాటలు ఆగవు, సూదులూ ఆగవు. నాకు హిందీ రాదు. పక్క క్వార్టర్లో ఒక పంజాబీ ఆవిడ ఉండేవారు, అందరూ ఆంటీజీ అనేవాళ్ళు. ఆవిడకి తెలుగు రాదు. నేను చూస్తూ కూర్చుంటే ఒకరోజు నా చేతిలో రెండు సూదులు పెట్టారు. ఈ అల్లికలో నాకు వచ్చిన మాటలన్నీ అందుకే హిందీ మాటలు. సూది సలాయి, కుట్టు ఫందా. ఫందా అంటే ఉచ్చు. సూటి కుట్టు సీధా, తిరగ కుట్టు ఉల్టా. మీరు యూట్యూబులో నిట్, పర్ల్ అని వింటారు. రెండూ ఒకటే, ఏ పేరుతో పిలుచుకున్నా మీ ఇష్టం.

లేసు అల్లేటప్పుడు దారం బిగించి పట్టాలి, లేకపోతే పువ్వు నిలవదు. అలవాటు కొద్దీ ఊలూ అలాగే బిగించాను. రెండు వరసలయ్యేసరికి సూది కుట్లలోంచి కదలదు. ఆంటీజీ నా చేతిలోంచి తీసుకుని లాగబోతే వారికీ రాలేదు. పెద్దగా నవ్వి, తన రెండు చేతులూ తన పీకకే పట్టుకుని చూపించారు. ఊలు పీక నొక్కేస్తున్నావు అని. అంతకన్నా మంచి పాఠం నాకు తెలుగులో కూడా ఎవరూ చెప్పలేరు.

మనవాళ్ళు కవిత్వాన్ని మెచ్చుకోవాలంటే అల్లిక జిగిబిగి అంటారు. జిగి మెరుపు, బిగి గట్టిదనం. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్ళకీ బిగి వచ్చేస్తుంది, అడక్కుండానే. టెన్షన్‌తో భుజాలు చెవులదాకా లేచిపోతాయి, చేతులు బిగుసుకుపోతాయి. కుట్టు సూది మీద అటూ ఇటూ సులువుగా జారాలి. జారకపోతే అదుగో, పీక నొక్కుతున్నారన్నమాట.

ఇప్పుడు ఒక పని చేయండి. మీలో ఎవరైనా టీషర్టు వేసుకున్నారా? అమ్మాయీ, నువ్వు ఇలా రా. నీ ఫోన్లో కెమెరా తీసి, జూమ్ పెట్టి, నీ టీషర్టు చేతి అంచు చూడు. ఏం కనిపిస్తోంది? చిన్నచిన్న వీ అక్షరాలు నిలువుగా, జడలు అల్లినట్టు, వరసగా. అవునా? ఇప్పుడు అంచు మడిచి లోపలివైపు చూడు. ఆ వీ అక్షరాలు లేవు. అడ్డంగా చిన్న గుబ్బలు, అలలలాగా. అదే బట్ట. పైన సీధా, లోపల ఉల్టా.

అంటే మనం ఈరోజు నేర్చుకునేది ఎక్కడో చలిదేశపు విద్యేమీ కాదు. మీ ఇంట్లో మగవాళ్ళ బనియన్లన్నీ ఇదే అల్లిక, చాలావరకు తమిళనాడులోని తిరుపూరు మిషన్ల మీద అల్లినవి. చీర నేత, బనియన్ అల్లిక. నేతకి పడుగూ పేకా రెండూ ఉండాలి, ఒకదాన్ని ఒకటి అడ్డంగా దాటాలి. అల్లికకి ఒక్కటే దారం. అదే ముందుకెళ్తుంది, వెనక్కొస్తుంది, తనలోంచి తనే దూరుతుంది. అందుకే బనియన్ సాగుతుంది, చీర సాగదు. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం చేశాడు, ఈ బనియన్ మిషన్లు దానికి మునిమనవలు. ఇంకో సంగతి. ఇలా సూదులతో అల్లిన బట్టల్లో బాగా పాతవి దొరికింది ఈజిప్టులో, సుమారు పదకొండు, పధ్నాలుగు శతాబ్దాల మధ్యవి. ఊలు కాదు, నూలు. నీలిమందు రంగు, తెలుపు కలిపి అల్లిన మేజోళ్ళు. అంత వేడి దేశంలో! మావారికి ఈ మాట చెప్పాను, జవాబు లేదు. (నవ్వులు)

సరే, సూదులు తీయండి. మీ అందరికీ 8 నంబరు సూదులు ఇచ్చాం, అంటే 4 మిల్లీమీటర్లు. ఊలు లేతరంగుది ఇచ్చాం, కావాలనే. నలుపు, ముదురు నీలం మొదటిసారి వద్దు, కుట్టు కంటికి ఆనదు. బూరుబూరుగా మెత్తగా ఉండే ఫ్యాన్సీ ఊలు అసలే వద్దు, అది కొట్లో చూడ్డానికే బావుంటుంది.

ముందు కుట్లు ఎక్కించాలి. 20 కుట్లకి ఎంత ఊలు తోక వదలాలి అని అడుగుతారు. అల్లబోయే వెడల్పుకి మూడు రెట్లు, పైన ఒక జాన. ఇంకా సులువుగా చెప్తాను. పూలమ్మి కొలిచినట్టు ఒక మూర వదలండి, చాలు. అక్కడ జారుముడి వేసి సూదికి తొడగండి. తోక ఎడం బొటనవేలికి, ఉండ నుంచి వచ్చే ఊలు చూపుడు వేలికి. బొటనవేలి లూపులోకి సూది కిందనుంచి దూరి, చూపుడువేలి ఊలు అందుకుని, మళ్ళీ ఆ లూపులోంచే బయటికి వస్తుంది. బొటనవేలు వదిలేసి మెల్లగా సర్దండి. ఒక కుట్టు. నోటితో చెబితే ఇంత పొడుగు, చేత్తో అయితే అర సెకను. బిగిసిపోతోందా? రెండు సూదులూ కలిపి పట్టుకుని వాటిమీద ఎక్కించండి, తర్వాత ఒకటి లాగేయండి. వదులొస్తుంది.

ఇప్పుడు సీధా. నాలుగే మాటలు గుర్తుపెట్టుకోండి. దూర్చు, చుట్టు, లాగు, వదులు. కుట్లున్న సూది ఎడం చేతిలో. ఊలు వెనక. కుడి సూది మొదటి లూపులోకి ముందునుంచి వెనక్కి దూర్చండి. రెండు సూదులూ కత్తెరలాగా పడతాయి, కుడిది వెనక. వెనక సూదికి ఊలు ఒక చుట్టు, కిందనుంచి పైకి, రెండు సూదుల మధ్యలోకి దిగేలా. ఆ చుట్టుని లూపులోంచి మీవైపు లాగండి. ఇక్కడే అందరికీ జారిపోతుంది. చూపుడువేలు కుడి సూది మీద ఆనించి, సూది మొనని పాత లూపుకి రాసుకుంటూ కిందికి తెస్తే జారదు. కొత్త లూపు కుడి సూది మీదికి వచ్చాక, పాతదాన్ని ఎడం సూది మీదనుంచి వదిలేయండి. దూర్చు, చుట్టు, లాగు, వదులు. వరస చివరికి వచ్చాక సూదులు చేతులు మార్చుకుని మళ్ళీ మొదటినుంచి.

ప్రతి వరసా సీధాయే అల్లుకుంటూ పోతే రెండు పక్కలా గట్లు గట్లుగా వస్తుంది. ఒక గట్టుకి రెండు వరసలు. అది చదునుగా, బుద్ధిగా ఉంటుంది, ముడుచుకోదు. నెలంతా ఇది ఒక్కటే అల్లినా తప్పులేదు.

ఉల్టా నేర్పే రోజున నేను పెద్ద విద్యేదో వస్తుందనుకున్నాను. ఊలు ముందుకి తెచ్చుకోవడం, సూది కుడినుంచి ఎడమకి ముందువైపే దూర్చడం, చుట్టి వెనక్కి తోసేయడం. చెయ్యి తిరగలేదు, విసుగొచ్చింది. ఆంటీజీ నేనల్లిన ముక్క తీసుకుని, తిప్పి చూపించారు. నేను సీధా వేసిన ప్రతిచోటా వెనక ఉల్టా ఉంది! అంటే రెండు కుట్లు లేనేలేవు. ఒక్కటే కుట్టు. ముందునుంచి వేస్తే దాని పేరు సీధా, వెనకనుంచి వేస్తే ఉల్టా. అది కళ్ళారా చూశాక నాకు పుస్తకంతో పని తగ్గిపోయింది. మీకు నేను చెప్పదలచుకున్నది కూడా ఇదొక్కటే. చేతికి ఎలాగూ అలవాటవుతుంది, ముందు కంటికి నేర్పండి. సూదికి కింద ఏముందో చూడండి. రెండు కొసలూ ముందుకి వేలాడేసి కండువా వేసుకున్న పెద్దమనిషిలా కనిపిస్తే అది సీధా. చలికి మఫ్లరు చుట్టేసుకున్నట్టు మెడకి అడ్డంగా ఉంటే ఉల్టా. ఫోను మోగి, తిరిగొచ్చి, "ఎక్కడున్నానబ్బా" అనుకున్నప్పుడు కాగితం చూడక్కర్లేదు, బట్టే చెప్తుంది.

ఒక వరస సీధా, ఒక వరస ఉల్టా అల్లితే బనియన్ బట్ట వస్తుంది. వచ్చాక మీరు నాకు ఫోన్ చేస్తారు, పక్కలు వెనక్కి చుట్టుకుపోతున్నాయి, పైనా కిందా ముందుకి ముడుచుకుంటోంది అని. మీ తప్పేం లేదు, దాని గుణమే అది. అంచులకి నాలుగు వరసలు, పక్కలకి నాలుగేసి కుట్లు గట్ల అల్లిక పెడితే నిలబడుతుంది. లేదా ఒకే వరసలో రెండు కుట్లు సీధా, రెండు కుట్లు ఉల్టా. ఇందాకటి టీషర్టు మెడపట్టీ చూడండి, స్వెట్టర్ నడుం పట్టీ చూడండి, అదే తరహా.

ఇక తప్పులు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

20 కుట్లతో మొదలుపెడతారు. పది వరసలయ్యాక లెక్కపెడితే 24. నాలుగు కుట్లు ఆకాశంలోంచి ఊడిపడవు కదా. నూటికి తొంభైపాళ్ళు అవి వరస మొదట్లోనే పుడతాయి. సూదులు మార్చుకుని ఊలుని సూది మీదుగా పైనుంచి వెనక్కి లాగుతారు. అలా లాగితే మొదటి కుట్టు పైకి లేచి, దాని కాళ్ళు రెండూ రెండు కుట్లలాగా కనిపిస్తాయి. మీరు రెండిట్లోనూ అల్లేస్తారు. ఊలుని కిందికి దించి, సూది కిందనుంచి వెనక్కి తీసుకెళ్ళండి. అంతే, ఆ జబ్బు పోతుంది. ఇంకోటి, ఊలు ముందుండగా సీధా వేసేస్తారు. సూది మీద ఒక చుట్టు అదనంగా పడి, కింద చిల్లు వస్తుంది. డిజైన్లు అల్లేవాళ్ళు ఆ చిల్లు కావాలనే వేస్తారు, జాలీ అంటారు. ఎవరైనా అడిగితే మీరూ అలాగే చెప్పేయండి. (నవ్వులు)

కుట్టు జారిపోవడం. అందరికీ దీనికే భయం. లేసులో ఎప్పుడూ ఒక్క లూపే ప్రాణంతో ఉంటుంది, మిగతావన్నీ ముడిపడిపోయినవే. ఊలులో అలా కాదు, సూది మీదున్న 20కి 20 ప్రాణంతో ఉన్నవే. ఒకటి జారితే కిందికి నిచ్చెన మెట్లలాగా విడిపోతుంది. మొదటిసారి జారినప్పుడు నేను కెవ్వుమన్నాను. ఆంటీజీ నావైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు నా సంచీలో చెయ్యిపెట్టి, మా అమ్మ ఇచ్చిన లేసు సూది తీశారు. దాని కొక్కెంతో జారిన లూపుని పట్టుకుని, పైనున్న మెట్టుని అందులోంచి లాగారు. తర్వాత దాని పైమెట్టు. అలా మెట్టుమెట్టుకీ ఎక్కి సూదిదాకా వచ్చేసింది. నా లేసు విద్య ఢిల్లీలో పనికొచ్చిన మొదటిరోజు అది. మీరూ ఒక కొక్కెం సూది సంచీలో పెట్టుకోండి, కాస్త లావుది. సీధా వైపు తిప్పుకుని ఎక్కించండి, సులువు.

ఇవేవీ కుదరకపోతే విప్పేయండి. విప్పడానికి బాధపడకండి. జాకెట్టు గుడ్డ కత్తెర పడితే పోయినట్టే, అల్లిక అలా కాదు, మీ ఊలు మీకు తిరిగొస్తుంది. కాకపోతే సేమ్యాలాగా వంకర్లు పోయి వస్తుంది. కుర్చీ వీపుకి చుట్టి, లచ్చిగా కట్టి, తడిపి ఆరేస్తే వంకర తీరుతుంది. మా క్వార్టర్స్‌లో పెద్దవాడికి బిగుతైన స్వెట్టర్లని విప్పి, ఉతికి, ఇంకో రంగు కలిపి చిన్నవాడికి అల్లేవారు. ఒకే ఊలు ముగ్గురు పిల్లల్ని చూసేది.

కానీ నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటుంది, చెప్తాను. కొలతముక్క అల్లకపోవడం. బద్ధకం. స్వెట్టర్ మొదలెట్టేముందు నాలుగంగుళాల ముక్క అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టాలి. అందరూ చెప్తారు, ఎవరూ చేయరు. మా కోడలు అమెరికా నుంచి ఒక డిజైన్ పంపింది, మూడేళ్ళ మనవడికి. సూది సైజు 8 అని రాసుంది. నా దగ్గర 8 ఉందిగా అని మొదలెట్టేశాను. మన దగ్గర వాడేది పాత ఇంగ్లీషు నంబర్లు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికాలో దానికి తలకిందులు, నంబరు పెరిగితే సూది లావవుతుంది. వాళ్ళ 8 అంటే 5 మిల్లీమీటర్లు, మన 8 అంటే 4. వాళ్ళ లెక్కలో 10 సెంటీమీటర్లకి 18 కుట్లు, నా చేతికి 22 వచ్చాయి. ఛాతీ చుట్టూ 108 కుట్లు. వాళ్ళకి అది 60 సెంటీమీటర్లు, నాకు 49. మనవడికని అల్లింది చివరికి ఎదురింటివాళ్ళ ఆరునెలల పాపకి సరిపోయింది. పాప ముద్దుగా ఉంది, అది వేరు. కాబట్టి నంబరు నమ్మకండి, మిల్లీమీటర్లు చూడండి. ముక్క అల్లండి.

ముగింపు కుట్టు కూడా చూపించేస్తాను. రెండు కుట్లు సీధా అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా ఎత్తి దింపేయాలి. ఇంకోటి అల్లి, మళ్ళీ ఎత్తి దింపాలి. వదులుగా! కావాలంటే కుడిచేతికి ఒక సైజు లావు సూది తీసుకోండి. మా అబ్బాయి మొదటి స్వెట్టర్‌కి మెడ దగ్గర నా లేసు చెయ్యి మళ్ళీ వచ్చేసింది, బిగించి ముగించాను. వాడి తల సగం దూరి ఆగిపోయింది. లోపల వాడు ఏడుపు, బయట నేను ఏడుపు. ఆంటీజీ వచ్చి మెడ విప్పి వాణ్ణి బయటికి తీశారు.

ఏం అల్లమంటారు అని అడుగుతున్నారు అక్కడ. స్వెట్టర్ కాదు, మఫ్లరు కూడా కాదు, మఫ్లరు పొడుగు చూసి మధ్యలో మానేస్తారు. మసిగుడ్డ అల్లండి. నవ్వకండి. లావు నూలుదారంతో 40 కుట్లు, అన్ని వరసలూ సీధా, నలుచదరం అయ్యేదాకా. అలాంటివి రెండు అల్లి, ఒకదానిమీద ఒకటి పెట్టి అంచులు కుట్టేయండి, ఒంటి పొరకి చెయ్యి కాలుతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. మీ చేతిలో ఇప్పుడున్న ఊలుతో అల్లకండి. మన కొట్లలో ఊలు అని అమ్మేది ఎక్కువగా యాక్రిలిక్ అనే కృత్రిమ దారం, వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. దానిమీద ఇస్త్రీ కూడా పెట్టకూడదు. ప్రాక్టీసుకి యాక్రిలిక్, మసిగుడ్డకి నూలు.

(సభికురాలి ప్రశ్న: యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా?)

భేషుగ్గా. కానీ ఒక్కరినే పట్టుకోండి. కొందరు ఊలు కుడిచేత్తో చుడతారు, కొందరు ఎడంచేతి వేలిమీద ఉంచి సూదితో అందుకుంటారు. రెండూ సరైనవే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూశారా, ఇక మీ చేతులకి ఏ దారీ తెలియదు.

(ప్రశ్న: నాది ఎడంచేతి వాటం. ఎలాగండీ?)

అందరిలాగే నేర్చుకోండమ్మా. ఇందులో రెండు చేతులకీ పనుంది. ఆ ఎడం వేలిమీద ఊలు ఉంచే పద్ధతి ముందు ప్రయత్నించి చూడండి, చాలామందికి అది సులువుగా కుదురుతుంది.

టీ వచ్చిందంటున్నారు. ఆగండి, ఆగండి, అలా మధ్యలో కింద పెట్టకండి! వరస సగంలో ఆపితే తిరిగొచ్చాక ఎటువైపు అల్లుతున్నారో తెలియక వెనక్కి అల్లేస్తారు. మధ్యలో ఆపక తప్పకపోతే, ఊలు ఏ సూది నుంచి వేలాడుతోందో ఆ సూది కుడిచేతికి రావాలి, గుర్తుపెట్టుకోండి. వెనక వరసలో నీలంచీర ఆవిడా, మీకింకా ఆరు కుట్లున్నాయి, అవి అయ్యాక లేవండి. టీ చల్లారదు, నేను మూత పెట్టిస్తాను.